తొమ్మిదో గిన్నె

హైదరాబాద్,
9 ఆగస్టు 2024

మామయ్యకు కౌముది నమస్కారాలు.

ఈ కవరులో ఇంకో కవరు ఉంది. దాన్ని తెరవకండి. ముందు ఉత్తరం మొత్తం చదవండి.

అత్తయ్యతో ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాను. మీకేమో ఫోను వినపడదు. ఆవిడతో చెప్పి పంపిద్దామంటే, వైరస్ అన్న మాట చెవిన పడగానే మిగతాది వినకుండా నాకు దిష్టి తీస్తుంది. అందుకని ఇది మీకే రాస్తున్నాను.

నేను చేసే పని ఏమిటని అడిగినప్పుడల్లా దాటేశాను. ఇప్పుడు ఇందులో మీకూ ఒక పని పడింది కాబట్టి చెప్పక తప్పదు. చెవి లోపల శబ్దాన్ని పట్టుకునే కణాలుంటాయి. క్షయకని మీకు వేసిన సూది మందు చంపింది వాటినే. ఎలుకల్లో ఒక జన్యువు ఉంది. దాన్ని ఎక్కువగా పనిచేయిస్తే ఆ కణాలు మందు దెబ్బకు తట్టుకుంటాయా అన్నది నా ప్రశ్న. జన్యువును కణంలోకి మోసుకెళ్లడానికి లెంటివైరస్ కణికలు వాడతాం. భయపడకండి, పిల్లలు పెట్టే శక్తి తీసేసిన వైరస్ అది. మోసుకొచ్చింది లోపల దించడంతో దాని పని సరి. జన్యువు చివర చిన్న తోక ఒకటి అతికిస్తారు, ట్యాగ్ అంటాం. జన్యువు లోపలికి చేరిందా లేదా అన్నది ఆ తోకను బట్టి కనిపెడతాం.

నిన్న కంపెనీ నుంచి పెట్టె వచ్చింది. పొగలు కక్కే ఐసు మధ్య రెండు చిన్న గొట్టాలు. ఒకదానిలో జన్యువూ తోకా, రెండోదానిలో ఉత్త తోక. కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే బలం తగ్గిపోతుంది కాబట్టి ఒక్క విడతలో వాడెయ్యాలి. ఎలుక చెవి కణాలు పన్నెండు డిష్షుల్లో, అంటే చిన్న గిన్నెల్లో, పెంచాను. ఆరింటికి జన్యువు, ఆరింటికి ఉత్తది. ఏది దేనికో లెక్కపెట్టే నాకు తెలియకూడదు. తెలిస్తే కన్ను మనసు చెప్పినట్టు వింటుంది. మా సీనియర్ అవినాష్ బొమ్మా బొరుసూ వేసి తనే పోసి, నంబర్లు వేసి, ఆ జాబితా కాగితం మీద రాసి కవరులో పెట్టాడు. దానికి నకలు లేదు. అతను రేపు ఉద్యోగానికి పుణె వెళ్లిపోతున్నాడు. మా గైడు అర్చన మేడమ్ దగ్గర ఉంచుదామంటే ఆవిడకు ఓపిక తక్కువ, రెండో రోజే తెరిచి చూసేస్తారు.

పరీక్ష పేపర్ల సీళ్లు కాపలా కాసిన మనిషి ఎవరున్నారా అని ఆలోచిస్తే మీరే గుర్తొచ్చారు. నేను రాసేదాకా దాన్ని ముట్టుకోకండి.

మీ
కౌముది


తిరువూరు,
16 ఆగస్టు 2024

చిరంజీవి కౌముదికి మామయ్య ఆశీస్సులు.

నీ కవరు చేరింది. సీలు చూశాను. లక్క లేదు, సెల్లోటేపు వేసి దాని మీద సంతకం గీకాడు మీ అవినాష్. మా రోజుల్లో అయితే ఆ సీలుకి మెమో ఇచ్చేవాళ్లం. నేనే మైనం కరిగించి రెండు మూలలా అద్ది బీరువాలో పెట్టాను. తాళం చెవి నా మొలతాడుకు ఉంది. మీ అత్తయ్య అదేమిటని రెండుసార్లు అడిగింది. వినపడనట్టు ఊరుకున్నాను. చెవుడు వల్ల ఉన్న సుఖం అదొక్కటే.

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పద్ధతి బాగుంది. జవాబు పత్రాల మీద పిల్లవాడి పేరు కనపడకుండా చించి కోడ్ నంబరు వేసేవాళ్లం, అలాంటిదే. దిద్దేవాడికి ఎవరి పేపరో తెలియకూడదు. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను, దిద్దాను. ఒక్క మార్కు అటూ ఇటూ చేశానని ఎవరూ అనలేదు. అది పెద్ద గొప్పేమీ కాదని ఈ మధ్య అనిపిస్తోంది, ఆ సంగతి వదిలెయ్.

మంగళవారం మీ అత్తయ్య గుడికని విస్సన్నపేట బస్సెక్కింది. తిరువూరులో లేని దేవుడు అక్కడ ఎవరున్నారని నేను అడగను, ఆవిడ చెప్పదు. వెళ్లేది చరణ్ దగ్గరికేనని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకూ తెలుసు. కన్న కొడుకు ఇరవై మూడేళ్లుగా నాతో మాట్లాడడు. నువ్వు ఎరిగిందే.

మీ అమ్మ పోయాక నిన్ను ఈ ఇంటికి తెచ్చుకున్న రోజు, నువ్వు నా లెక్కల పుస్తకంలో అచ్చు తప్పు పట్టుకున్నావు. ఆ కన్ను ఇంకా ఉందని సంతోషం. వేళకు తిను.

మామయ్య
శేషాచలం


హైదరాబాద్,
20 సెప్టెంబరు 2024

మామయ్యకు,

లెక్కపెట్టడం అయిపోయింది. సూది మందు పోసిన మూడో రోజు, ఒక్కో డిష్షులో వంద కణాలకు ఎన్ని బతికి ఉన్నాయో ఒకటి నుంచి పన్నెండు దాకా వరసగా రాస్తున్నాను. 41, 57, 38, 52, 46, 63, 55, 40, 44, 60, 49, 58. సిరాతో రాసి మీకు పంపేశాక నేను మార్చడానికి వీల్లేదు. ఇక కవరు తెరవండి. జన్యువు ఉన్నవి ఏవో నాకు రాయండి. అవినాష్ కాగితం మీ దగ్గరే ఉంచండి.

ఈ అంకెలు చూస్తే ఏమీ అర్థం కావడం లేదు. ఎక్కువ ఉన్నవీ తక్కువ ఉన్నవీ అని రెండు గుంపులు కనపడితే బాగుండేది. అన్నీ కలగాపులగంగా ఉన్నాయి.

అయిదేళ్లయింది మామయ్యా. నాతో చేరినవాళ్లంతా పట్టాలు తీసుకుని వెళ్లిపోయారు. డిసెంబరుతో నా ఫెలోషిప్ ఆఖరు, పొడిగించాలంటే ఏదో ఒకటి చూపించాలి. ఇదీ పోయిందంటే నేనింక దేనికీ పనికిరాను. పెట్టె సర్దుకుని తిరువూరు వచ్చే ఓపిక కూడా ఉండదేమో. కంచం ముందు కూర్చుంటే ఎందుకొచ్చిన బతుకిది అనిపిస్తోంది. అత్తయ్యకు ఈ మాటలు చెప్పకండి.

త్వరగా రాయండి.

కౌముది


తిరువూరు,
27 సెప్టెంబరు 2024

చి. కౌముదికి,

కవరు తెరిచాను. సీలు చెదరలేదు.

జన్యువు ఉన్నవి 2, 6, 7, 9, 10, 12. మిగిలిన ఆరూ ఉత్తవి.

సగటు కట్టాను. ఉన్నవాటికి యాభై ఆరు, లేనివాటికి నలభై నాలుగు వచ్చాయి. తొమ్మిదో గిన్నె ఒక్కటే కాస్త మొరాయించింది.

అన్నం తిను.

శేషాచలం


హైదరాబాద్,
4 అక్టోబరు 2024

మామయ్యా మామయ్యా,

మీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చించాను. చదివి అక్కడే కూలబడ్డాను. సెక్యూరిటీ ఆయన మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, "ఇంట్లో ఎవరైనా పోయారా అమ్మా" అని అడిగాడు. పోలేదండీ, బతికారు అన్నాను. కణాలు బతికాయని ఆయనకు ఎలా చెప్పను!

మేడమ్‌కు చూపించాను. ముందు నమ్మలేదు. తర్వాత తొమ్మిదో నంబరు దగ్గర వేలు పెట్టి ఏమన్నారో తెలుసా, "అన్నీ చక్కగా వచ్చి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు కౌముదీ. ఇది ఒకటి తేడా కొట్టింది చూడు, నిజమైన ప్రయోగం ఇలాగే ఉంటుంది" అన్నారు. డిసెంబరులో బెంగళూరు సదస్సులో నన్నే మాట్లాడమన్నారు. ఫెలోషిప్ ఏడాది పొడిగించమని రాశారు కూడా.

మీ చెవుల విషయంలో ఇరవై ఏళ్లు ఆలస్యమైంది. కానీ రేపు ఇంకెవరికైనా ఆ మందు వేయాల్సి వస్తే వాళ్లకు ఈ గతి పట్టకపోవచ్చు. ఇంకా చాలా దూరం ఉంది. ఎలుక కణాల నుంచి మనిషి చెవి దాకా రావడానికి నా జీవితం చాలదేమో. అయినా మొదటి మెట్టు మీ బీరువాలో తెరుచుకుంది. సదస్సులో కృతజ్ఞతల పేజీలో మీ పేరు వేస్తాను, వద్దనకండి.

రెండు పూటలా తింటున్నాను.

కౌముది


తిరువూరు,
15 అక్టోబరు 2024

చి. కౌముదికి,

నా పేరు ఎక్కడా వేయవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను.

ఇంకో మాట. లెక్కను రెండో దారిలో చేసి సరిచూసుకోకుండా నేను పిల్లల్ని బెంచీ దిగనిచ్చేవాణ్ణి కాదు. నువ్వు కూడా ఎవరికీ చెప్పకముందే ఇది మళ్లీ చెయ్యకూడదూ? కొత్త గొట్టాలు తెప్పించుకో. ఈసారి కవరు నాకు పంపకు. ముసలివాణ్ణి, చూపు కూడా ఆనడం లేదు. మీ మేడమ్ దగ్గరే పెట్టు, తెరిస్తే తెరిచింది.

ఊరికే అడుగుతున్నాను. ఒకవేళ జన్యువు పనిచేయలేదనే తేలి ఉంటే ఏం చేసేదానివి? నిజంగా రాయి.

ఇక్కడ వానలు ఆగాయి. పొద్దున ఎ.కొండూరు రోడ్డు మీద నడక మానేశాను. నమస్కారం మాస్టారూ అంటున్నట్టు ఎదురైన వాళ్ల పెదాలు కదులుతాయి. ఒంట్లో నలతగా ఉందని చెప్పి తప్పించుకుంటున్నాను.

మామయ్య


హైదరాబాద్,
9 జనవరి 2025

మామయ్యకు,

మూడు నెలలుగా మీకు రాయలేదు. సదస్సు పని, పేపరు రాసే పని. మీరేదో అడిగారు, జవాబు రాద్దామనుకుంటూనే ఉన్నాను.

బెంగళూరులో బాగా జరిగింది. ఆ సంతోషం మూడు వారాలు ఉంది.

పేపరు పత్రికకు పంపే ముందు మేడమ్ ఒక పరీక్ష చేయించారు. పన్నెండు డిష్షుల్లో మిగిలిన కణాలను ఫ్రీజరులో దాచి ఉంచాం. మా జూనియర్ ప్రేమ్ కిరణ్ వాటిని తీసి తోకను పట్టుకునే పరీక్ష పెట్టాడు. జన్యువుకు అతికిన తోక పెద్దదిగా, ఉత్త తోక చిన్నదిగా పడుతుంది. ఏ డిష్షులో ఏముందో కవరుతో పని లేకుండా తెలిసిపోతుంది. సరిచూసుకోవడానికి మాత్రమే అనుకున్నాం.

పన్నెండులో ఎనిమిది మీరు రాసినదానికి తలకిందులుగా వచ్చాయి.

అతను రెండోసారి చేశాడు. అవే వచ్చాయి. అవినాష్‌కు ఫోను చేస్తే, తను రాసిందే తను పోశానని ఒట్టేశాడు, నంబర్లు గుర్తులేవన్నాడు. మీరు రాసేటప్పుడు వరస ఏమైనా తప్పి ఉంటుందా? ఆరు చోట తొమ్మిది చూసి ఉంటారా? చూపు ఆనడం లేదన్నారు కదా. అలా అయితే ఏం ఫర్వాలేదు. అవినాష్ కాగితం వెంటనే స్పీడ్ పోస్టులో పంపండి. దానితో అంతా తేలిపోతుంది.

కౌముది


తిరువూరు,
18 జనవరి 2025

చి. కౌముదికి,

నీ ఉత్తరం అందింది. కాగితం బీరువాలో ఎక్కడో ఉండాలి. పండక్కి అత్తయ్య సామాను సర్దింది. వెతుకుతున్నాను. దొరకగానే పంపుతాను.

ప్రేమ్ కిరణ్ అన్న పిల్లవాడు పనికి కొత్త కదా? ఏదైనా పొరపాటు చేశాడేమో కనుక్కో.

ఆరోగ్యం జాగ్రత్త.

శేషాచలం


హైదరాబాద్,
27 జనవరి 2025

మామయ్యకు,

ప్రేమ్ కిరణ్ పొరపాటు చేయలేదు. మూడోసారి మేడమ్ స్వయంగా చేశారు.

ఫిబ్రవరి పదిన విచారణ కమిటీ కూర్చుంటోంది. ముగ్గురు ప్రొఫెసర్లు. నా నోటు పుస్తకాలన్నీ తీసుకున్నారు. మేడమ్ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడినది ఒక్కసారే, "ఆ కవరు నిజంగా మీ మామయ్య దగ్గరికి వెళ్లిందా, లేక నీ డ్రాయరులోనే ఉందా" అని అడిగారు. మీ ఉత్తరం చూపించాను. "చేతిరాత ఎవరిదైనా కావచ్చు, అసలు కాగితం ఏది" అన్నారు. అంకెలు ముందు చూసుకుని, తనకు కావలసినట్టు జాబితా అల్లుకుందని అందరూ అనుకుంటున్నారు. క్యాంటీనులో నా బల్ల దగ్గర ఎవరూ కూర్చోవడం లేదు.

ఇందాక అత్తయ్యకు ఫోను చేశాను. పండక్కి బీరువా ముట్టుకోలేదట. "తాళం ఆయన మొలతాడుకే ఉంటుంది కదే, నాకెక్కడిస్తారు" అంది.

మామయ్యా, నాకు నిజం కావాలి. అదేమిటో నేను ఊహించాను. అయినా మీ చేతిరాతతో చూడాలి.

కౌముది


తిరువూరు,
2 ఫిబ్రవరి 2025

కౌముదికి,

ఆశీర్వదించే అర్హత లేదు కాబట్టి అది వదిలేసి రాస్తున్నాను.

అవినాష్ రాసిన కాగితం దీనితో పెట్టాను. జన్యువు ఉన్నవి 1, 4, 6, 8, 10, 11. సగటు ఉన్నవాటికి యాభై ఒకటి, లేనివాటికి యాభై. నీ జన్యువు పనిచేయలేదమ్మా. తేడా ఏమీ లేదు.

ఆ రోజు కవరు తెరిచి, నీ అంకెలు పక్కన పెట్టుకుని సగటు కట్టాను. మూడుసార్లు కట్టాను. తర్వాత నీ ఉత్తరంలో కింది పేరా మళ్లీ చదివాను. ఎందుకొచ్చిన బతుకిది అన్నావు. పెట్టె సర్దుకునే ఓపిక ఉండదేమో అన్నావు. అంతకుముందు ఒకసారి ఇలాంటి కాగితమే నా చేతిలో ఉంది. అప్పుడు నేను నిజాయితీగా ఉన్నాను.

నీకు పైపైనే తెలుసు, పూర్తిగా చెబుతాను. 2001 మార్చి, టెన్త్ లెక్కల పరీక్ష. చరణ్‌కు సెంటరు విస్సన్నపేట పడింది. స్క్వాడులో ఒకాయనకు జ్వరమొచ్చి నన్ను జీపు ఎక్కించుకున్నారు. కొడుకు రాస్తున్న సెంటరు నాకు వద్దు అనాలి. అనలేదు. నా మీద నాకు అంత నమ్మకం. వాడి గదిలోకి నేనే వెళ్లాను. జేబులో చీటీ అంచు కనపడింది. జేబులోంచి ఇంకా తీయలేదు. తీసేవాడో లేదో కూడా తెలియదు. వాడు తలెత్తి, పెదాలు కదపకుండా, "నాన్నా, చూడనట్టు ఉండు" అన్నాడు. అప్పుడు నాకు చెవులు బాగా పనిచేసేవి. నేను చీటీ లాగి, వాడిని లేపి, డిబార్ ఫారం నా చేత్తోనే నింపాను. ఊరంతా నన్ను మెచ్చుకుంది. వాడు మళ్లీ పరీక్షకు కూర్చోలేదు. ఆ ఊళ్లోనే మామిడి యార్డులో పెట్టెలు కట్టే పనిలో చేరి, అక్కడే ఉండిపోయాడు.

ఈసారి చూడనట్టు ఉందామనుకున్నాను. అంతే. ఎక్కువ బతికినవి ఆరూ ఏరి జన్యువు ఉన్నవని రాశాను. అన్నీ సరిపోతే అనుమానం వస్తుంది. కాపీ కొట్టినవాళ్లలో తెలివైనవాడు కావాలని ఒక లెక్క తప్పు చేస్తాడు, ఎన్ని పేపర్లు దిద్దానో నాకు తెలుసు. అందుకని నాలుగో గిన్నె తీసేసి తొమ్మిదో గిన్నె పెట్టాను. మీ మేడమ్ దాన్ని చూసే నమ్మిందని నువ్వు రాసిన రోజు నాకు అన్నం సయించలేదు.

తోకతో పట్టుకునే పరీక్ష ఒకటి ఉంటుందని నాకు తోచలేదు. మొదటి ఉత్తరంలోనే రాశావు, నేనే పట్టించుకోలేదు.

ఈ ఉత్తరం కమిటీకి ఇవ్వు. చాలకపోతే నేను వచ్చి చెబుతాను. అడిగేది కాగితం మీద రాసి ఇమ్మను, జవాబు నోటితో చెబుతాను.

శేషాచలం


హైదరాబాద్,
20 ఫిబ్రవరి 2025

మామయ్యకు,

మీ ఉత్తరం అయిదో తేదీకే వచ్చింది. అయిదు రోజులు నా దిండు కింద ఉంది. ఇవ్వకుండా ఉండవచ్చు. చూపు ఆనక తప్పు రాశారని చెబితే, అవినాష్ కాగితం ఒక్కటి చూపించి మీ పేరు కాపాడవచ్చు. ఆ మాట వాళ్లు నమ్మినా నమ్మేవారు.

పదో తేదీ పొద్దున ఇచ్చేశాను. మీరు నేర్పిందే చేశాను. చరణ్ బావను లేపి నిలబెట్టినప్పుడు మీకెలా ఉండి ఉంటుందో నాకిప్పుడు తెలుసు. మీరు అది తెలిసేలా చేశారు, అందుకు నాకు మీ మీద కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది.

ముగ్గురిలో పెద్దాయన మీ ఉత్తరం ఇంగ్లీషులోకి చెప్పమన్నారు. నేనే చదివి చెప్పాను. "చూడనట్టు ఉండు" అన్న మాట రెండుసార్లు చదవాల్సి వచ్చింది. నేను అబద్ధం అల్లలేదని తేల్చారు. కానీ సీలు వేసిన జాబితాను ఇంటికి పంపడం, అసలు కాగితం చూడకుండానే సదస్సులో మాట్లాడటం నా తప్పులేనన్నారు. సదస్సులో చెప్పింది వెనక్కి తీసుకుంటూ నేనే రాశాను. పొడిగించిన ఫెలోషిప్ రద్దు చేశారు. ఈ పని థీసిస్‌లో పెట్టకూడదట. మార్చి ఆఖరుకు హాస్టలు గది ఖాళీ చెయ్యాలి. మేడమ్ తన దగ్గర ఇక కుదరదన్నారు.

ఇప్పుడు నేను చెప్పాల్సింది ఉంది. పనిచేయలేదని తేలి ఉంటే ఏం చేసేదానివని అక్టోబరులో అడిగారు. నేను జవాబు రాయలేదు.

అంకెలు మీకు పోస్టు చేసిన మూడో రోజే మేడమ్ నన్ను పిలిచారు. ముఖం చూసి జాలేసిందేమో. "పనిచేస్తే మంచిది. పనిచేయకపోతే అదే రాస్తాం. పనిచేయదని తేల్చడం కూడా జవాబే, థీసిస్‌కు అది చాలు. పొడిగింపు నేను చూసుకుంటాను" అన్నారు. మీరు కవరు తెరవడానికి నాలుగు రోజుల ముందు మామయ్యా. ఆ రోజు కడుపు నిండా తిని నిద్రపోయాను. మీకు ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. అత్తయ్యకు ఫోను చేసి, మామయ్యను కంగారు పడొద్దను అంటే సరిపోయేది. బద్ధకించాను. పైగా, మీరు నా గురించి ఇంకాస్త దిగులు పడితే బాగుండునని లోపల ఉంది. నన్ను తలుచుకుని దిగులు పడేవాళ్లు నాకు మీరిద్దరే కదా.

ఏమీ పోయేది కాదు. మీరు ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే ఈపాటికి చివరి అధ్యాయంలో ఉండేదాన్ని. తేడా లేదు అన్న మాటతోనే నాకు పట్టా వచ్చేది.

వచ్చే నెల తిరువూరు వస్తానో రానో తెలియదు. వచ్చినా మీతో మాట్లాడగలనో లేదో తెలియదు.

కౌముది


తిరువూరు,
24 మార్చి 2025

అమ్మా కౌముదీ,

నువ్వు రాసింది చదివాను. నీ తప్పు అందులో వీసమెత్తు లేదు. పిల్లలు దిగులుగా ఉన్నప్పుడు రెండు మాటలు ఎక్కువే రాస్తారు. ఏది దిగులో ఏది ప్రమాదమో తెలుసుకోలేనివాడు మాస్టారు ఎలా అయ్యాడు? ఒకసారి చూడకూడని చోట చూశాను, ఒకసారి చూడాల్సిన చోట కళ్లు మూసుకున్నాను. రెండుసార్లూ నాకు తెలుసనుకున్నాను.

ఇక్కడ టెన్త్ పరీక్షలు నడుస్తున్నాయి. మొన్న మంగళవారం మీ అత్తయ్య బస్సుకు బయల్దేరుతుంటే నేనూ చెప్పులేసుకున్నాను. ఆవిడ దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

యార్డు అంటే షెడ్డు. ఇంకా కాయ రావడం మొదలవలేదు, ఖాళీ పెట్టెలు బిగిస్తున్నారు. చరణ్ నెరిసిపోయాడు. వాడికి ముప్పై తొమ్మిదే. నన్ను చూసి సుత్తి పక్కన పెట్టి నిలబడ్డాడు. నేను అన్నీ చెప్పాను. నీ కవరు, నీ అంకెలు, నేను మార్చి రాసింది, నీ చదువు పోయింది. చెవిటివాణ్ణి కదా, ఎంత గట్టిగా చెబుతున్నానో తెలియలేదు. పెట్టెలు కొట్టేవాళ్లందరూ పని ఆపి చూస్తుంటే, మీ అత్తయ్య నా చెయ్యి నొక్కింది.

వాడు చివరిదాకా విన్నాడు. ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. ఏమన్నాడని మీ అత్తయ్యను అడిగితే ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల తిప్పేసుకుంది. అప్పుడు వాడే పెట్టెకు అంటించే చీటీ ఒకటి చింపి, వెనక రాసి నా చేతికిచ్చాడు. వాడి అక్షరం మారలేదు. కుడి వైపుకు వాలి ఉంటుంది.

'దాని కోసం చేశావు. నా కోసం ఎందుకు చెయ్యలేదు నాన్నా?'

ఇరవై నాలుగేళ్ల తర్వాత నాన్నా అన్నాడు. అదీ కాగితం మీద. నేను బల్ల మీద పెన్ను తీసుకున్నాను. వాడు కాసేపు చూసి మళ్లీ సుత్తి అందుకున్నాడు. తిరిగొచ్చే బస్సుకు వేళయిందని మీ అత్తయ్య సైగ చేసింది.

అత్తయ్య నీ గది ఊడ్చి పెట్టింది. నువ్వు వస్తే రా. నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, అత్తయ్యతో మాట్లాడు. నాకు ఎలాగూ వినపడదు.

ఆ చీటీ నా చొక్కా జేబులో ఉంది. వాడికి జవాబు ఇంకా రాయలేదు.

మామయ్య